మూషిక పరీక్ష

తెలుగు భాష ఇంగ్లీషుకు ఇచ్చిన మాటలు కొద్దివే. వాటిలో 'పందికొక్కు' ఒకటి. వరిచేలను, ధాన్యపు గాదెలను కొల్లగొట్టే ఆ జంతువు పేరు ఇంగ్లీషు నోట 'బాండికూట్' అయింది. ఆ తరువాత ఆస్ట్రేలియాలో కనిపించిన, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని మరొక జంతువుకు కూడా వారు ఆ పేరే పెట్టారు. ఈ అప్పు తీర్చుకోవడానికా అన్నట్లు కంప్యూటర్ యుగంలో ఇంగ్లీషు మనకు 'మౌస్'ను ఇచ్చింది. ఫ్రెంచి, స్పానిష్, జర్మన్ భాషలవారు ఈ పరికరాన్ని తమ తమ భాషలలో ఎలుకకున్న పేరుతోనే పిలుస్తారు. తెలుగువారు మాత్రం ఎలుకను పొలంలోనే ఉంచి, బల్ల మీది పరికరాన్ని మౌస్ అన్నారు. భాషాభిమానులు కొందరు దీనికి నొచ్చుకోవచ్చు గాని, ఈ విభజన వల్ల ఒక సౌకర్యం కలిగింది. ఎలుక తీగను కొరికిందన్నప్పుడు ఏ ఎలుక అని ఎవరూ అడగనక్కరలేదు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ అనే ఇంజనీరు రూపమిచ్చాడు. ఆ మొదటి మౌస్ ఒక చెక్కపెట్టె. దాని అడుగున ఒకదానికొకటి అడ్డంగా రెండు చక్రాలుండేవి. ఒకటి నిలువు కదలికను, మరొకటి అడ్డు కదలికను కొలిచేవి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో ఎంగెల్‌బార్ట్ దీనిని లోకానికి చూపాడు. 1970లో పేటెంటు లభించింది. తోకవంటి తీగ ఉన్నందువల్ల ఎలుక పేరు వచ్చింది కాని, ఆ పేరు మొదట ఎవరు పెట్టారో ఎంగెల్‌బార్ట్‌కే గుర్తు లేదు. చక్రాల స్థానంలో తరువాత గోళీ వచ్చింది, గోళీ స్థానంలో కాంతి వచ్చింది. పరికరం మారినా దాని పని ఒక్కటే. చేయి ఎంత దూరం, ఏ దిక్కుగా కదిలిందో కంప్యూటరుకు నివేదించడమే ఆ పని. ఆ నివేదిక దారిలో ఎక్కడో ఆగిపోయినప్పుడు తెర మీది బాణం గుర్తు కదలదు. అప్పుడేమి చేయాలన్నది ఈ పాఠంలోని విషయం.

ముందుగా అసలు ఎలుకను పట్టే విధానాన్ని చూద్దాం. కృష్ణా డెల్టాలో వరి పొట్టదశకు వచ్చేసరికి పొలం గట్ల నిండా కలుగులు కనిపిస్తాయి. అన్ని కలుగులలోను ఎలుకలు ఉండవు. కొన్ని ఎప్పుడో విడిచిపోయినవి. కనబడిన ప్రతి కలుగులోను మందు పెట్టే రైతు డబ్బును మట్టిలో పోసినట్లే. అందువల్ల తెలిసిన రైతు మొదటి రోజు సాయంత్రం కలుగులన్నింటినీ మట్టితో మూసివేస్తాడు. మర్నాడు ఉదయం వెళ్ళి చూస్తే కొన్ని మూసినవి మూసినట్లే ఉంటాయి, కొన్ని తెరుచుకొని ఉంటాయి. తెరుచుకొన్నవే ఎలుకలు కాపురమున్న కలుగులు. నూకలు, నూనె, మందు కలిపిన ఎర వాటిలోనే పెట్టాలి. డెల్టాలోని యానాదులు ఈ విద్యలో అందెవేసిన చేతులు.

విద్యార్థులకు సుపరిచితమైన మరొక ఎలుక ఉంది. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో, మిత్రలాభంలోని హిరణ్యకుడు అది. సన్యాసి చిలుకకొయ్యకు తగిలించిన భిక్షాన్నాన్ని ఆ ఎలుక రోజూ ఎగిరి అందుకొని తినేది. దానిని అదిలించడానికి సన్యాసి కఱ్ఱతో కొడుతూ ఉంటే, చూడవచ్చిన అతిథి ఆలోచనలో పడ్డాడు. ఇంత చిన్న జంతువుకు అంత ఎత్తు ఎగిరే బలం ఎక్కడిది? కారణం లేకుండా కార్యం ఉండదు. కలుగులో ధనమేదో ఉండాలని ఊహించి తవ్వి చూస్తే ధనం దొరికింది. ధనం పోయిన తరువాత హిరణ్యకుడు మునుపటివలె ఎగురలేకపోయాడు. కథకుడు దీనిని ధనమహిమకు ఉదాహరణగా చెప్పాడు. అయితే అతిథి చేసిన పనిలో తర్కశాస్త్రం ఉంది. ధనం ఉన్నప్పుడు బలం ఉండడం అన్వయం. ధనం లేనప్పుడు బలం లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరినప్పుడే ఫలానా దానికి ఇది కారణమని చెప్పగలం. సన్యాసి లక్షణాన్ని కొట్టాడు, అతిథి కారణాన్ని వెదికాడు. కదలని మౌస్‌ను బల్లకేసి కొట్టేవారు ఇప్పటికీ సన్యాసి మార్గంలోనే ఉన్నారు.

ఇక లినక్స్ సంగతి. కంప్యూటరును నడిపే మూల వ్యవస్థను ఎవరైనా చదవడానికి, మార్చడానికి, పంచుకోవడానికి వీలుండాలనే సంకల్పంతో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దానికి అవసరమైన కేంద్ర భాగాన్ని, అంటే కెర్నెల్‌ను వ్రాసి అందరికీ ఇచ్చాడు. ఈ రెండింటి కలయికనే వాడుకలో లినక్స్ అంటున్నాం. దీనిని వాడడానికి అనుమతి రుసుము అక్కరలేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఈ వ్యవస్థతోనే కంప్యూటర్ విద్యను నేర్పాయి. చెన్నైలోని సీడాక్ సంస్థ 2007లో భారతీయ భాషలకు అనువైన 'బాస్' అనే లినక్స్‌ను వెలువరించింది. తెలుగునాట స్వేచ్ఛ వంటి సంస్థల కార్యకర్తలు దీని తెరలను తెలుగులోకి తెచ్చారు. సిలికానాంధ్ర సంస్థ అందరికీ ఉచితంగా ఇచ్చిన తెలుగు లిపి ఫాంట్లలో పెద్దన, తిమ్మన, ధూర్జటి పేర్లు కనిపిస్తాయి. భువనవిజయ కవులు నేడు అక్షరాల రూపంలో కంప్యూటరులో కొలువుతీరారు.

నిధులు తక్కువగా ఉన్న కళాశాలకు, పాత కంప్యూటరుతో నెట్టుకొచ్చే చిన్న ముద్రణ కేంద్రానికి ఇది గొప్ప ఆసరా. కాని ఒక చిక్కున్నది. మౌస్ కదలకపోతే, తీగ తెగినా, బల్ల మెరిసినా, ధూళి పట్టినా నింద మాత్రం లినక్స్ మీదే పడుతుంది. అది అలవాటు లేని వ్యవస్థ కావడమే దాని నేరం. విచారణ లేకుండా తీర్పు వెలువడుతుంది. లినక్స్‌ను తొలగించి మరొక వ్యవస్థ దొంగప్రతిని ఎక్కిస్తారు, లేదా ఆరోగ్యంగా ఉన్న కంప్యూటరును పాత ఇనుప సామానులో వేస్తారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆ ఇంట్లో చదువుకోవలసిన విద్యార్థి ఆరుబయట నిలుస్తాడు.

మౌస్ నుంచి తెరవరకు నివేదిక నడిచే దారిని డెల్టావాసులకు కాలువతో పోల్చి చెబితే సులభంగా అర్థమవుతుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానది నీరు కాలువలలోకి మళ్ళుతుంది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు విజయవాడ నగరం మధ్య నుంచే సాగిపోతాయి. ప్రధాన కాలువ నుంచి పిల్ల కాలువకు, అక్కడి నుంచి పంట బోదెకు, బోదె నుంచి మడికి నీరు చేరాలి. శివారు భూమికి నీరందకపోతే రైతు మొదట బ్యారేజిని తిడతాడు. బ్యారేజిలో నీరు నిండుగా ఉండి, తన పొలం పక్క బోదెలో గుర్రపుడెక్క అడ్డుపడి ఉండవచ్చు. గట్టు వెంట నడిచి, ఎంతవరకు నీరుంది, ఎక్కడి నుంచి లేదు అని చూసినవానికే అడ్డంకి దొరుకుతుంది.

మౌస్ దారిలోను ఇటువంటి మజిలీలున్నాయి. మౌస్ అడుగున ఉన్న కాంతి నేత్రం కదలికను పసిగడుతుంది. తీగ ద్వారాగాని, రేడియో తరంగాల ద్వారాగాని ఆ సంగతి కంప్యూటరు పోర్టుకు చేరుతుంది. అక్కడ కెర్నెల్ దానిని అందుకొంటుంది. కెర్నెల్ నుంచి తెరను చిత్రించే వ్యవస్థకు వెళుతుంది. 1984లో ఎం.ఐ.టి.లో పుట్టిన ఎక్స్ విండో వ్యవస్థ చాలాకాలం ఈ పని చేసింది. 2008లో మొదలైన వేలాండ్ ఇప్పుడు అనేక లినక్స్‌లలో దాని స్థానంలోకి వచ్చింది. చివరగా గ్నోమ్, కేడీఈ వంటి డెస్క్‌టాప్ తన అమరికల ప్రకారం బాణాన్ని కదిలిస్తుంది. ఇన్ని మజిలీలలో ఏ ఒక్కటి కుంటుపడినా వాడుకరికి కనిపించే లక్షణం ఒక్కటే, మౌస్ పనిచేయడం లేదు.

పరీక్షకు పూనుకొనే ముందు చేయవలసిన పని ఒకటున్నది. చేస్తున్న పనిని భద్రపరచుకోవాలి. బాణం కదలనంత మాత్రాన కంప్యూటరు చచ్చిపోయినట్లు కాదు. కీబోర్డు మీద కంట్రోల్, ఎస్ కీలను కలిపి నొక్కితే వ్రాసినది నిలుస్తుంది. ఆల్ట్, ట్యాబ్ కీలతో ఒక కిటికీ నుంచి మరొక కిటికీకి పోవచ్చు. ఈ కీలకు తెర స్పందిస్తే వ్యవస్థ బ్రతికే ఉన్నదని, దోషం మౌస్ దారికే పరిమితమని తేలిపోతుంది. తెర స్పందించకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కీలను ఒక్కసారి నొక్కి చూడాలి. నల్లని తెరపై పేరు, సంకేతపదం అడిగితే కెర్నెల్ సజీవంగా ఉన్నట్లే. అడ్డంకి చిత్రించే వ్యవస్థలో ఉన్నదని అర్థం. తిరిగి వెనుకకు రావడానికి అవే కీలతో ఎఫ్1, ఎఫ్2 లేదా ఎఫ్7 నొక్కాలి. వ్యవస్థను బట్టి ఇది మారుతుంది. జ్ఞాపకశక్తి నిండిపోయిన పాత కంప్యూటరులో బాణం ఆగి ఆగి కదలడం కూడా సామాన్యమే. అప్పుడు మౌస్‌ను మార్చి ప్రయోజనం లేదు, తెరిచి ఉంచిన కిటికీలు కొన్ని మూయాలి.

తరువాత కంటికి కనిపించేవాటిని చూడాలి. కాంతితో పనిచేసే మౌస్ తాను నిలిచిన తలాన్ని క్షణానికి ఎన్నోసార్లు చిత్రం తీసి, ఒక చిత్రానికి మరొక చిత్రానికి ఉన్న తేడాను బట్టి కదలికను లెక్కిస్తుంది. గాజు మీద, బాగా మెరుగుపెట్టిన గ్రానైటు మీద దానికి తేడా తెలియదు. అడుగున ఒక తెల్లకాగితం పెట్టగానే బాణం కదిలితే రోగమూ తెలిసింది, మందూ దొరికింది. నేత్రానికి అడ్డంగా ఒక నూలుపోగు ఇరుక్కున్నా బాణం వణుకుతుంది. తీగలేని మౌస్‌లో ముందుగా అనుమానించవలసినది బ్యాటరీని. దాని చిన్న గ్రాహకాన్ని యు.ఎస్.బి. 3.0 పోర్టు పక్కనే పెడితే, ఆ పోర్టు నుంచి వెలువడే రేడియో రొద దానికి అంతరాయం కలిగించవచ్చునని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. గ్రాహకాన్ని దూరంగా ఉన్న మరొక పోర్టుకు మార్చి చూడడానికి ఖర్చేమీ లేదు.

ఇక్కడే అన్వయ వ్యతిరేకాలు అక్కరకు వస్తాయి. ఈ మౌస్‌ను మరొక కంప్యూటరుకు తగిలించాలి. మరొక మౌస్‌ను ఈ కంప్యూటరుకు తగిలించాలి. దోషం మౌస్ వెంట పోతే మౌస్‌ది, కంప్యూటరు వద్దనే నిలిచిపోతే కంప్యూటరుది. ఒకసారి ఒక్కదానినే మార్చాలన్న నియమం మాత్రం తప్పకూడదు. మౌస్‌ను, పోర్టును, అమరికను ఒకేసారి మార్చినవానికి బాణం కదిలినా ఎందుకు కదిలిందో తెలియదు. మళ్ళీ ఆగిపోయిన రోజున మొదటినుంచి రావాలి. పాత కంప్యూటర్లలో గుండ్రని పి.ఎస్.2 పోర్టులుంటాయి. మౌస్‌కు ఆకుపచ్చ, కీబోర్డుకు ఊదా రంగు గుర్తు. కంప్యూటరు నడుస్తుండగా వీటిని ఊడదీసి తగిలించరాదు. ఆ పోర్టు అందుకోసం రూపొందలేదు, చెడిపోయే ప్రమాదముంది. యు.ఎస్.బి.కి ఈ భయం లేదు.

తీగ దాటి లోపలికి పోతే కెర్నెల్ సాక్ష్యం చెబుతుంది. ఈ విషయంలో లినక్స్ మిక్కిలి నిజాయితీ గల వ్యవస్థ. అడగడం తెలిస్తే ఏదీ దాచదు. టెర్మినల్ అనే కిటికీ తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే అయిదక్షరాలను కలిపి టైపుచేసి ఎంటర్ నొక్కితే, యు.ఎస్.బి. పోర్టులకు తగిలించిన పరికరాల పట్టిక వస్తుంది. మౌస్ పేరు గాని, దాని తయారీదారు పేరు గాని అందులో ఉంటే తీగ, పోర్టు చాలావరకు నిర్దోషులు. డి, ఎం, ఇ, ఎస్, జి అనే మరొక అయిదక్షరాల ఆజ్ఞ కెర్నెల్ దినచర్యను చదివి వినిపిస్తుంది. కొన్ని వ్యవస్థలలో దీనికి ముందు సుడో అనే మాట, అంటే ఎస్, యు, డి, ఓ అక్షరాలు చేర్చి సంకేతపదం ఇవ్వాలి. మౌస్‌ను ఊడదీసి మళ్ళీ తగిలించి ఈ దినచర్యను చూస్తే, పరికరం వెళ్ళిందని ఒక పంక్తి, కొత్తది వచ్చిందని మరికొన్ని పంక్తులు చివర కనిపించాలి. రైతు కలుగు మూసి మర్నాడు చూసినట్లే ఇది కూడా. పంక్తులు పుట్టకపోతే ఆ దారిలో ప్రాణం లేదు.

మరొక పాత పరీక్ష చూడడానికి వినోదంగా ఉంటుంది. సుడో, ఆపైన క్యాట్ అనే ఆజ్ఞ, దాని పక్కన స్లాష్ డెవ్ స్లాష్ ఇన్‌పుట్ స్లాష్ మైస్ అనే చిరునామా టైపుచేసి మౌస్‌ను కదపాలి. తెర మీద అర్థంపర్థంలేని గుర్తులు జలజల రాలితే కెర్నెల్ వరకు నీరు వచ్చినట్లే. అడ్డంకి అంతకు పైన ఉంది. గుర్తులు రాలకపోతే కిందనే వెదకాలి. కంట్రోల్, సి కీలు నొక్కితే ఈ వాన ఆగుతుంది.

బాణం అసలు కదలకపోవడం కన్న విచిత్రమైన రోగం మరొకటున్నది. మౌస్‌ను కొద్దిగా కదపగానే బాణం తెర మూలకు పరుగెత్తి, కోరని కిటికీలు వాటంతట అవే తెరుచుకుంటాయి. పి.ఎస్.2 మౌస్‌లలో, ముఖ్యంగా ఒకే మౌస్‌ను రెండు కంప్యూటర్లకు పంచే పెట్టెలు మధ్యలో ఉన్నచోట ఇది కనిపించేది. దీని కారణాన్ని ఛందస్సు చదివిన విద్యార్థి ఇతరులకన్న త్వరగా గ్రహించగలడు. సాధారణమైన పి.ఎస్.2 మౌస్ ప్రతి కదలికను మూడు బైట్ల కట్టగా పంపుతుంది. య, మ, ర, స, త, జ, భ, న గణాలకు మూడేసి అక్షరాలున్నట్లే ఇదీను. నడుమ చక్రమున్న మౌస్ నాలుగు బైట్లు పంపుతుంది. వృత్తపాదంలో మొదటి అక్షరం జారవిడిచి గణవిభజన చేస్తే, మిగిలిన అక్షరాలన్నీ సరిగా ఉన్నా గణాలన్నీ తప్పుతాయి. మౌస్ మూడేసి పంపుతుండగా వ్యవస్థ నాలుగేసి లెక్కించినా, దారిలో ఒక బైటు జారిపోయినా జరిగేది ఇదే. మొదటి బైటును గుర్తుపట్టడానికి అందులో ఒక బిట్టు ఎప్పుడూ 1గానే ఉంటుంది. లెక్క తప్పిందని తెలిసినప్పుడు కెర్నెల్ కొన్ని బైట్లను పారవేసి పాదం మొదటినుంచి అందుకొంటుంది. పారవేసినట్లు దినచర్యలో వ్రాసుకొంటుంది కూడా.

ఆ రోజులలో ఎక్స్ వ్యవస్థకు మౌస్ జాతిని ఒక ఫైలులో చేతితో వ్రాసి చెప్పవలసి వచ్చేది. జాతి తప్పు వ్రాస్తే చక్రం తిరిగినా పుట కదిలేది కాదు. ఇప్పుడు కెర్నెల్, లిబ్‌ఇన్‌పుట్ అనే భాగం కలిసి పరికరాన్ని తామే గుర్తిస్తాయి కనుక సాధారణంగా ఆ ఫైలు అవసరం లేదు. అయితే పాత పుస్తకంలోని సలహాను ప్రచురణ సంవత్సరం చూడకుండా పాటించి, ఆ ఫైలును కొత్తగా సృష్టించి, బాగున్న మౌస్‌ను పాడుచేసుకొనేవారు నేటికీ ఉన్నారు. వైద్యంలో వలెనే ఇక్కడా పాత చీటీ మీది మందు ప్రమాదకరం. ఏ ఫైలును మార్చవలసి వచ్చినా ముందు దాని నకలును వేరే పేరుతో దాచుకోవాలి.

కొన్నిసార్లు దోషమంటూ ఏదీ ఉండదు, అమరిక మాత్రమే మారి ఉంటుంది. ఎడమచేతివాటం వారి కోసం మీటలను తారుమారు చేసే ఏర్పాటు డెస్క్‌టాప్‌లో ఉంది. ప్రయోగశాలలో ముందు కూర్చున్న విద్యార్థి దానిని ఎంచుకొని వెళితే, తరువాత వచ్చినవానికి ఎడమ మీట పనిచేయడం లేదనిపిస్తుంది. మౌస్ లేకుండా ఆ అమరికలను చేరడమెలాగ అంటే, సూపర్ కీ నొక్కి మౌస్ అని ఇంగ్లీషులో టైపుచేసి ఎంటర్ నొక్కితే చాలా డెస్క్‌టాప్‌లలో ఆ పట్టిక తెరుచుకుంటుంది. ట్యాబ్, బాణం కీలతో అందులో తిరగవచ్చు. కుడివైపు అంకెల కీలతోనే బాణాన్ని నడిపే సదుపాయం కూడా లినక్స్‌లో ఉంది. దీనిని వికలాంగుల సౌకర్యార్థం చేర్చారు. కొత్త మౌస్ కొని తెచ్చేవరకు ఇది అందరికీ చేతికర్ర. దోషం అమరికలలోనిదా కాదా తేలకపోతే కొత్త వాడుకరి పేరు ఒకటి సృష్టించి, ఆ పేరుతో ప్రవేశించి చూడాలి. అక్కడ మౌస్ చక్కగా నడిస్తే, తప్పు పాత వాడుకరి అమరికలలోనే ఉన్నది. పెన్‌డ్రైవ్ నుంచి మరొక లినక్స్‌ను నడిపి చూసినప్పుడు అందులోనూ కదలకపోతే, ఇక అమరికలను వేధించడం మాని పరికరాన్ని పట్టుకోవాలి.

లినక్స్ ఆచారం తెలియక దోషమనుకొనేది మరొకటి ఉంది. ఇందులో వాక్యాన్ని మౌస్‌తో గుర్తించినంత మాత్రాన దాని నకలు సిద్ధమవుతుంది. నడిమి మీటను, అంటే చక్రాన్ని నొక్కితే బాణం ఉన్నచోట ఆ నకలు పడుతుంది. ఈ సంగతి తెలియని అక్షరకూర్పరి పుటను జరుపుతూ చక్రాన్ని పొరపాటున అదిమితే, మూడవ ప్రకరణంలోని వాక్యం ఏడవ ప్రకరణంలో ప్రత్యక్షమవుతుంది. ప్రూఫు చూసేవారు రచయితను అనుమానిస్తారు, రచయిత కూర్పరిని అనుమానిస్తాడు. తాళపత్ర లేఖకుల ప్రక్షిప్తాల కథ ఇక్కడ కొత్త రూపంలో పునరావృతమవుతుంది.

కొంతసేపు ముట్టుకోకపోతే నిద్రపోయి, కదిపినా వెంటనే మేలుకోని మౌస్ కూడా ఉంది. విద్యుత్తును ఆదా చేయడానికి కెర్నెల్ యు.ఎస్.బి. పరికరాలను నిద్రపుచ్చగలదు. ఆదా కోసం చేర్చిన ఉపకరణమేదో మౌస్‌ను కూడా ఆ జాబితాలో వేసి ఉండవచ్చు. జాబితా నుంచి తప్పిస్తే చాలు. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లయ్యే మౌస్‌లో మాత్రం మీట కిందనున్న చిన్న స్విచ్చి అరిగి ఉంటుంది. దానికి పెద్ద పరిశోధన అక్కరలేదు, మార్చడమే మేలు. అటువంటి మౌస్ కోసం గంటలకొద్దీ ఆజ్ఞలు వ్రాయడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

ఇన్ని పరీక్షలు ఒకచోట ఎలా కలిసివస్తాయో చూడడానికి ఒక సందర్భాన్ని ఊహించుకుందాం. విజయవాడలో కొత్త సంవత్సరారంభ దినాలలో పుస్తక ప్రదర్శన జరుగుతుంది. డిసెంబరు చివరి వారమంటే నగరంలోని ముద్రణాలయాలకు, అక్షరకూర్పు కేంద్రాలకు ఊపిరి సలపదు. ఏలూరు రోడ్డు సమీపంలోని ఒక చిన్న కేంద్రంలో, లినక్స్ మీద లిబ్రెఆఫీస్‌తో పని చేసే ఒక యువతి నూట ఎనభై పుటల గ్రంథాన్ని దిద్దుతూ ఉన్నది. మర్నాడు ఉదయం ఫిల్ములు తీయాలి. రాత్రి తొమ్మిది గంటలకు తెర మీద బాణం ఆగిపోయింది.

"ఇందుకే ఈ లినక్సు వద్దన్నానమ్మా! పవర్ తీసి మళ్ళీ వెయ్యి" అన్నాడు యజమాని.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయిగారూ, ముందు పేజీలు దాచనివ్వండి" అని ఆమె కంట్రోల్, ఎస్ నొక్కింది. పుస్తకం భద్రపడింది. సాయంత్రం నుంచి దిద్దిన నలభై పుటలు దక్కాయి.

కీబోర్డు పలుకుతున్నది కనుక ఆమె టెర్మినల్ తెరిచి పరికరాల పట్టిక అడిగింది. కీబోర్డు పేరుంది, మౌస్ పేరు లేదు. ఈలోగా యజమాని పక్క దుకాణం నుంచి కొత్త మౌస్ తెప్పించాడు. తగిలించారు, అదీ కదలలేదు. లినక్స్ దోషమేనని ఆయన మరింత గట్టిగా నిశ్చయించుకొన్నాడు. ఆమె మాత్రం పాత మౌస్‌ను రెండవ కంప్యూటరుకు తగిలించి చూసింది. అది లక్షణంగా పనిచేసింది. రెండు మౌస్‌లూ ఇక్కడ కదలలేదు, పాతది అక్కడ కదిలింది. అయితే తప్పు ఈ కంప్యూటరుదేనా? ఆమె తొందరపడలేదు. రెండు మౌస్‌లకూ ఇక్కడ ఉమ్మడిగా ఉన్నది కంప్యూటరు ఒక్కటే కాదు. బల్ల పొడవు కావడం వల్ల కంప్యూటరు వెనుక నుంచి ముందుకు తెచ్చుకొన్న పొడిగింపు తీగ కూడా ఉమ్మడే. దానిని తప్పించి మౌస్‌ను నేరుగా వెనుక పోర్టుకు తగిలించగానే బాణం కదిలింది. అంతటితో ఆగక, ఆ పొడిగింపు తీగను రెండవ కంప్యూటరుకు తగిలించి, దాని చివర మౌస్ పెట్టి చూసింది. అక్కడి బాణం కూడా ఆగిపోయింది. తీగ ఉన్నచోట దోషముంది, లేనిచోట లేదు.

యజమాని దీపం పట్టుకొని బల్ల కిందికి వంగి చూశాడు. కాగితపు కట్టలకు, గోడకు మధ్య తీగ పైతొడుగు రెండంగుళాల మేర కొరికి ఉంది, లోపలి సన్నని తీగలు తెగి వేలాడుతున్నాయి. గోడ అడుగున, నేల కలిసేచోట పిడికిలంత కన్నం ఉంది. అది పాతదో కొత్తదో తెలియలేదు. పని ముగించి రాత్రి పన్నెండు గంటలకు తలుపు వేసే ముందు ఆయన పాడైన ప్రూఫు కాగితాలను ఉండచుట్టి ఆ కన్నంలో గట్టిగా కుక్కాడు.

తెల్లవారి తలుపు తీసేసరికి ఆ ఉండ గది మధ్యలో పడి ఉంది.